ప్రయోగశాల నత్తలలో కార్జపు జలగ జీవితచక్రం: ఉత్తర తెలంగాణ చెరువుల నుండి పరిశోధన గది వరకు

వానలు వెనుకపట్టి, చెరువులలో నీరు తగ్గి, శిఖం భూములలో లేత పచ్చిక బయటపడే రోజులలో ఉత్తర తెలంగాణ గొర్రెల మందలలో ఒక రకమైన మరణాలు కనిపిస్తాయి. ముందురోజు సాయంత్రం వరకు మేసిన గొర్రె తెల్లవారేసరికి దొడ్డిలో పడి ఉంటుంది. కాపరులు దానిని చిటుక వ్యాధిగా భావిస్తారు. శవపరీక్ష చేస్తే కార్జం ఉబ్బి, దాని నిండా నెత్తుటి చారలు, పొట్టలో ఎర్రటి నీరు కనిపిస్తాయి. అది చిటుక కాదని, కార్జపు జలగ పని అని అప్పుడు తెలుస్తుంది. అయితే అదే మందలో బ్రతికి ఉన్న గొర్రెల పెంటికలను సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తే జలగ గుడ్డు ఒక్కటైనా దొరకకపోవచ్చు.

ఇందులో విడ్డూరమేమీ లేదు. మన ప్రాంతపు కార్జపు జలగ అయిన ఫాసియోలా జైగాంటికా పశువు శరీరంలో ప్రవేశించిన తరువాత గుడ్లు పెట్టడానికి 13 నుండి 16 వారాలు పడుతుంది. గొర్రెను చంపేది మాత్రం అంతకు ముందే, కార్జాన్ని తొలుచుకుంటూ పిత్తవాహికల వైపు సాగే పిల్ల జలగల గుంపు. పేడ పరీక్ష ఈ దశను పట్టుకోలేదు. సాధారణంగా చేతికందే ఆల్బెండజోల్ ఎదిగిన జలగలపైనే పనిచేస్తుంది కనుక ఈ దశలో అది కూడా అక్కరకు రాదు. "పరీక్షలో లేదన్నారు, మందు తాపినం, అయినా సచ్చినయి" అని కాపరి అనే మాటలో తప్పు లేదు.

ఈ మధ్యకాలాన్ని అర్థం చేసుకోవాలంటే, కడుపులోని జలగ వయస్సు రోజుల లెక్కన తెలిసిన జంతువు కావాలి. ఏ మందు ఎన్ని వారాల జలగను చంపగలదు, నెత్తుటి పరీక్షలో ప్రతిరక్షకాలు ఎప్పటి నుండి కనిపిస్తాయి, టీకాకు పనికివచ్చే ప్రోటీన్ ఏ దశలో స్రవిస్తుంది అనే ప్రశ్నలలో ఏ ఒక్కదానికీ కబేళాలో దొరికిన కార్జం సమాధానం చెప్పదు. తెలిసిన తేదీన, తెలిసిన సంఖ్యలో, ప్రాణమున్న మెటాసర్కేరియాలను తాపించి చూడాలి. అవి అంగడిలో దొరికేవి కావు. నత్తలో నుండి రావాలి. కాబట్టి జీవితచక్రాన్ని ప్రయోగశాలలో నిలపడమంటే ముఖ్యంగా నత్తను నిలపడమే. జలగను గురించి అన్నీ చదివి, నత్తను గురించి ఒక పేరా మాత్రమే చదివి ఈ పనికి దిగే విద్యార్థులు మొదటి ఆరు నెలలలో ఎదుర్కొనే నిరాశకు కారణం చాలావరకు ఇదే.

ఆక్స్‌ఫర్డ్‌లో జరిగినది

ఈ కష్టం కొత్తది కాదు. 1879, 1880 సంవత్సరాల అతివృష్టి తరువాత ఇంగ్లండులో దాదాపు 30 లక్షల గొర్రెలు కార్జపు జలగ వల్ల నశించాయి. అక్కడి రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ ఈ జలగ ఎక్కడ పుట్టి ఎక్కడ పెరుగుతున్నదో తేల్చే పనిని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని ఎ.పి.డబ్ల్యు. థామస్ అనే యువ పరిశోధకునికి అప్పగించింది. గుడ్ల నుండి మిరాసిడియంలను పొదిగించడం అతనికి కష్టం కాలేదు. కష్టమంతా నత్త దగ్గర వచ్చింది. అనుమానం ఉన్న లిమ్నియా ట్రంకాటులా అనే చిన్న నత్త కావలసినన్ని దొరకక చాలాకాలం పని సాగలేదు. 1882 వేసవిలో నది పొంగి ఆక్స్‌ఫర్డ్ పరిసరాల పచ్చికబయళ్లను ముంచెత్తినప్పుడు ఆ వరదతో నత్తలు కుప్పలుగా కొట్టుకువచ్చాయి. ఆ తరువాత కొద్ది నెలలలోనే చక్రం మొత్తం అతని గాజు పాత్రలలో తిరిగింది. 1883లో వివరంగా ప్రచురించాడు.

అదే కాలంలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో రుడాల్ఫ్ ల్యూకార్ట్ స్వతంత్రంగా ఇదే పని చేస్తున్నాడు. అతడు మొదట తనకు సులభంగా దొరికిన మరొక లిమ్నియా జాతిని వాడాడు. అతి చిన్న నత్తపిల్లలలో పరాన్నజీవి కొంతవరకు పెరిగింది, తరువాత ఆగిపోయింది. సరైన నత్తకు మారిన తరువాతే ఫలితం వచ్చింది. మెటాసర్కేరియాలు అంటిన మేతను తినడం ద్వారానే పశువుకు జలగ సోకుతుందని ప్రయోగపూర్వకంగా చూపిన గౌరవం మాత్రం మరో పదేళ్ల తరువాత హవాయి దీవులలో పనిచేసిన బ్రెజిల్ శాస్త్రవేత్త అడాల్ఫో లుట్జ్‌కు దక్కింది.

ఇవన్నీ శీతల దేశాల ఫాసియోలా హెపాటికాకు సంబంధించినవి. మన మైదానాల జైగాంటికా వేరు. దీనిని 1855లో కాబోల్డ్ మొదట వర్ణించినది ఆవులోనో బర్రెలోనో కాదు, ఒక జిరాఫీ కార్జంలో. మన దేశంలో ఈ జాతి జీవితచరిత్రను లక్నోలో జి.ఎస్. థాపర్, ఆర్.ఎస్. టండన్ అనుసరించి 1952లో ప్రకటించారు. అప్పటి నుండి పద్ధతి మూలంలో మారలేదు. సెల్లోఫేన్ బదులు పాలిథీన్ వచ్చింది, మట్టికుండ బదులు గాజు తొట్టి వచ్చింది.

ఏ నత్త?

కరీంనగర్, ఆదిలాబాద్ పూర్వ జిల్లాల మధ్య గోదావరి సరిహద్దుగా పారుతుంది. దక్షిణాన శ్రీరాంసాగర్ నుండి వచ్చే కాకతీయ కాలువ, దిగువ మానేరు జలాశయం, వాటి కింద వరిమళ్లు, లెక్కకు మిక్కిలిగా గొలుసు చెరువులు. ఉత్తరాన కడెం, స్వర్ణ, సాత్నాల వంటి ప్రాజెక్టులు, అడవి అంచు వాగులు, పెన్‌గంగ ఒడ్డు. 2016లో ఈ రెండు జిల్లాలు ఎనిమిదైనా నత్తలకు ఆ హద్దులు పట్టవు. నీరు నెమ్మదిగా నిలిచి, నాచు పట్టి, హైడ్రిల్లా వంటి మొక్కలు పెరిగే ప్రతి చోటా అవి ఉంటాయి. తూము కింద ఊటకాలువలు, మత్తడి దిగువన ఆగిన మడుగులు, వరిమడి గట్ల వెంట నీటిపాయలు వెదకవలసిన స్థలాలు. ఉధృతంగా పారే ప్రధాన కాలువలో వెదకడం వృథా.

దొరికినదల్లా జలగ నత్త కాదు. మన ప్రాంతంలో జైగాంటికాకు ప్రధాన మధ్యస్థ అతిథేయి లిమ్నియా ఆరిక్యులేరియా. దీని చివరి చుట్టు చెవిడొప్పలా విశాలంగా ఉబ్బి, శిఖరం పొట్టిగా మొనతేలి ఉంటుంది. పేరు కూడా ఆ చెవి పోలికతోనే వచ్చింది. దానితో పాటే, చాలా చోట్ల దానికంటే ఎక్కువగా, లిమ్నియా లూటియోలా ఉంటుంది. అది కొంచెం సాగిన కోడిగుడ్డు ఆకారం. నోరు అంత విశాలం కాదు. చక్రంలా చదునుగా చుట్టుకొని, నలిపితే ఎర్రటి ద్రవం వచ్చేది ఇండోప్లానార్బిస్ ఎగ్జుస్టస్. శిఖరం పైకి, నోరు మన వైపు ఉండేలా పట్టుకున్నప్పుడు నోరు కుడి పక్కన ఉంటే లిమ్నియా, ఎడమ పక్కన ఉంటే ఫైసా. ఈ చివరి పరీక్ష చేతిలో నత్త పట్టుకున్న ఎవరికైనా ఒక్క క్షణంలో వస్తుంది. నేర్పిన వారు తక్కువ.

ఇక్కడే ల్యూకార్ట్ ఎదుర్కొన్న ఆకర్షణ మనకూ ఎదురవుతుంది. లూటియోలా గట్టి పిండం. కలుషిత నీటిని, వేడిని, నిర్లక్ష్యాన్ని ఓర్చుకొని తొట్టిలో తామరతంపరగా పెరుగుతుంది. ఆరిక్యులేరియా సున్నితమైనది. తొట్టెలు నిండుగా కనిపించాలన్న ఆరాటంలో లూటియోలాతో పని మొదలుపెడితే, గుడ్లు పొదిగి, మిరాసిడియంలు దూరి, నెలన్నర గడిచిన తరువాత నత్తను పగులగొట్టి చూస్తే ఏమీ ఉండదు. లూటియోలాలో జైగాంటికా ఎదిగిందని చెప్పిన ప్రయోగాలు లేకపోలేదు, కాని దానిపై ఆధారపడి చక్రాన్ని నిలపడం సాధ్యం కాదు. ఆరిక్యులేరియా వందకు బదులు ఇరవై మాత్రమే బ్రతికినా ఆ ఇరవైతోనే పని జరుగుతుంది.

తొట్టి నిర్వహణ

చెరువు నుండి తెచ్చిన నత్తలను నేరుగా ప్రయోగానికి వాడరాదు. అవి అప్పటికే ఏదో ఒక పరాన్నజీవిని మోస్తూ ఉండవచ్చు. ప్రతి నత్తనూ విడిగా ఒక చిన్న గాజు సీసాలో ఉంచి, వెలుతురులో కొన్ని గంటలు, వారం వ్యవధిలో రెండు మూడుసార్లు గమనించి, సర్కేరియాలు విడిచిన వాటిని తొలగించాలి. మిగిలినవి కూడా తల్లులుగా మాత్రమే పనికివస్తాయి. అవి పెట్టిన గుడ్ల నుండి ప్రయోగశాలలోనే పుట్టిన పిల్లలనే సంక్రమణకు వాడాలి. ఈ ఒక్క నియమం సడలితే, రెండు నెలల తరువాత వచ్చే సర్కేరియా మనం పెట్టినదో, చెరువు ఇచ్చినదో చెప్పలేము. అప్పుడు పరిశోధన పత్రం మొత్తం అనుమానాస్పదమవుతుంది.

లిమ్నియా ద్విలింగ జీవి. ఒక్క నత్త కూడా ఆత్మఫలదీకరణతో వంశాన్ని నిలపగలదు. పారదర్శకమైన జిగురు కడ్డీల వంటి గుడ్ల గుచ్ఛాలను ఆకుల అడుగున, తొట్టి గోడలకు, నీటిలో తేలే పాలిథీన్ ముక్కలకు అంటిస్తుంది. వాటిని బ్లేడుతో మెల్లగా వేరుచేసి మరొక పాత్రకు మార్చాలి. 25 నుండి 28 డిగ్రీల మధ్య సుమారు పది రోజులలో పిల్లలు వస్తాయి.

నీరు మొదటి శత్రువు. కొళాయి నీటిలోని క్లోరిన్ పోవడానికి వెడల్పు పాత్రలో ఒకటి రెండు రోజులు నిలువ ఉంచాలి. ఈ రోజులలో ప్రతి ఊరిలో ఆర్.ఓ. నీరు దొరుకుతున్నది, శుభ్రమైనది కదా అని దానినే పోస్తే నత్తల గుల్లలు పలచబడి, శిఖరం వద్ద తెల్లగా తినివేసినట్లు అవుతాయి. ఆ నీటిలో సున్నపు లవణాలు మిగలవు. గట్టిదనం ఉన్న బావి నీరు నత్తకు మంచిది. అది లేకపోతే సుద్దపొడిని తొట్టి అడుగున వేయాలి. రాగి ఎంత స్వల్పమైనా విషమే; రాగి, ఇత్తడి పాత్రలలో నిలిచిన నీరు తొట్టిలోకి రాకూడదు. సబ్బు తగిలిన చేయి కూడా అంతే.

పాశ్చాత్య గ్రంథాలు లెట్యూస్ ఆకును సూచిస్తాయి. మనకు పాలకూర, తోటకూర చాలు. అంగడి ఆకుకూరపై పురుగుమందు అవశేషం ఉండవచ్చు కనుక బాగా కడిగి, వేడినీటిలో ఒక నిమిషం ముంచి వేయాలి. తినగా మిగిలిన ఆకును మరునాడు తప్పక తీసివేయాలి. కుళ్లిన ఆకు, చనిపోయిన నత్త, ఈ రెండూ ఒక్క రాత్రిలో తొట్టిని ఖాళీ చేయగలవు. గాలి పంపు తక్కువ ఒత్తిడితో నిరంతరం నడవాలి. తొట్టిపై దోమతెర కట్టాలి. లేకపోతే నత్తలు గోడ ఎక్కి బయట ఎండి చనిపోతాయి.

ఉష్ణోగ్రత విషయంలో ఉత్తర తెలంగాణ పరిశోధకునికి రెండు వైపులా పరీక్షే. రామగుండం, కరీంనగర్ ప్రాంతాల మే నెల ఎండలో గదిని చల్లబరచకపోతే ఆరిక్యులేరియా బ్రతకదు. ఆదిలాబాద్ చలికాలపు రాత్రులలో చిన్న పాత్రలోని నీరు చల్లబడి, పొదుగుతున్న జలగ గుడ్ల ఎదుగుదల మందగిస్తుంది. దాదాపు 16 డిగ్రీలకు దిగువన నిలిచిపోతుంది. కరెంటు పోతే ఏమి చేయాలో ముందే నిర్ణయించుకోని ప్రయోగశాల ఈ పనికి సిద్ధంగా లేనట్లే. నత్తలను ఎప్పుడూ ఒకే తొట్టిలో ఉంచకుండా మూడు నాలుగు చోట్లకు, వీలైతే రెండు గదులకు పంచాలని చెప్పేది ఇందుకే.

ఇంకొక శత్రువు కంటికి అంతగా ఆనదు. చెరువు నత్తల మెడ దగ్గర, గుల్ల అంచున తెల్లటి దారపు ముక్కలవంటి చిన్న పురుగులు కదులుతుంటాయి. అవి కీటోగాస్టర్ లిమ్నియై అనే వానపాము జాతి జీవులు. నత్తకు చేసే హాని స్వల్పమే, కాని నత్తను సమీపించే మిరాసిడియంలను, నత్త విడిచే సర్కేరియాలను అవి పట్టి మింగుతాయి. సంక్రమణ విఫలమైనప్పుడు నత్తను, నీటిని, గుడ్లను తప్పుపట్టి, ఈ పురుగును మరచిపోతారు. గుడ్ల గుచ్ఛాలను మాత్రమే కొత్త తొట్టికి తరలించి, తల్లులను దూరంగా ఉంచడం దీనికి నమ్మకమైన విరుగుడు. నత్తలను పీల్చే చిన్న జలగలు కూడా చెరువు మొక్కలతో వస్తాయి. హైడ్రిల్లాను కడగకుండా తొట్టిలో వేయరాదు.

గుడ్డు నుండి సర్కేరియా వరకు

జలగ గుడ్లకు మూలం కబేళాలో దొరికే బర్రె పిత్తాశయం. పిత్తాన్ని పరీక్షనాళికలో కాక పొడవాటి గాజు జాడీలో పోసి, నీరు కలిపి, అడుగున చేరిన గుడ్లను నిలబెట్టి పై నీటిని వంచివేస్తూ పలుమార్లు కడగాలి. పిత్తపు పసుపు పూర్తిగా పోవాలి. కొద్దిగా మిగిలినా బూజు పట్టి గుడ్లు పాడవుతాయి. జైగాంటికా గుడ్డు పెద్దది, బంగారు పసుపు రంగు, పొడవు సుమారు 160 నుండి 190 మైక్రాన్లు. దాదాపు అంతే ఉండే ఆంఫిస్టోమ్ గుడ్డు మాత్రం రంగులేక స్వచ్ఛంగా ఉంటుంది. చాలా ఆంఫిస్టోమ్‌లు కడుపులో ఉండేవి కనుక పిత్తం నుండి గుడ్లు తీసినప్పుడు ఈ తికమక తగ్గుతుంది, కాని కొన్ని బర్రె పిత్తవాహికలలోనూ ఉంటాయి కనుక పూర్తిగా పోదు. పేడ నుండి తీస్తే తప్పక వస్తుంది.

కడిగిన గుడ్లను చీకటిలో, 4 డిగ్రీల వద్ద నెలల తరబడి నిలువ ఉంచవచ్చు. కావలసినప్పుడు తీసి 26 నుండి 28 డిగ్రీల వద్ద, నల్ల కాగితం చుట్టిన పెట్రీ పళ్లెంలో ఉంచితే సుమారు రెండు వారాలలో లోపల మిరాసిడియం కంటి చుక్క కనిపిస్తుంది. ఆ ఉదయం పళ్లెంలోని పాత నీటిని మార్చి, వెలుతురులో పెడితే గంట రెండు గంటలలో మూత తెరచుకొని మిరాసిడియంలు బయటకు దూకుతాయి. ఎన్నిసార్లు చూసినా తీరని దృశ్యమిది; విద్యార్థులకు ఈ ఒక్క ఉదయం చూపితే పరాన్నజీవి శాస్త్రంలో సగం పాఠం నోటికి వచ్చినట్లే.

మిరాసిడియం ఏమీ తినదు. ఒక రోజుకు మించి బ్రతకదు, మొదటి కొన్ని గంటలు గడిస్తే నత్తలో దూరే శక్తి కూడా సన్నగిల్లుతుంది. కాబట్టి నత్తలు ముందే వరుసలో సిద్ధంగా ఉండాలి. నాలుగైదు మిల్లీమీటర్ల పొడవున్న పిల్ల నత్తలు శ్రేష్ఠం. ఒక్కొక్క దానిని చిన్న గుంటలో కొద్దిపాటి నీటితో ఉంచి, మూడు నుండి ఐదు మిరాసిడియంలను సన్నని పిప్పెట్‌తో చేర్చాలి. ఎక్కువ చేర్చితే ఎక్కువ సర్కేరియాలు వస్తాయన్నది భ్రమ. పదులకొద్దీ దూరితే నత్త నెల తిరగకుండా చస్తుంది, మన శ్రమ దానితోనే పోతుంది. ఒక్క మిరాసిడియం లోపల స్పోరోసిస్ట్‌గా, రీడియాలుగా, మళ్లీ పిల్ల రీడియాలుగా పెరిగి చివరకు వందలాది సర్కేరియాలను ఇవ్వగలదు.

ఆ తరువాత ఐదు నుండి ఏడు వారాల నిరీక్షణ. ఈ కాలంలో నత్తలు బాగా చనిపోతాయి. రీడియాలు నత్త జీర్ణగ్రంథిని తింటూ పెరుగుతాయి, అదే నత్త మనకు కావాలి. చనిపోయిన ప్రతి నత్తను పారవేయకుండా గాజుపలక మీద నలిపి చూసి, లోపల రీడియా ఉన్నదా లేదా అని తేదీతో రాసుకోవాలి. చచ్చిన నత్తలే చక్రం ఎక్కడ ఆగుతున్నదో చెబుతాయి. బ్రతికినవాటి సంఖ్య ఒక్కటే రాసే పుస్తకం అంతగా ఉపయోగపడదు.

నెలన్నర దాటిన నత్తను కొత్త చల్లటి నీటిలోకి మార్చి దీపపు వెలుతురులో ఉంచితే సర్కేరియాలు విడుదలవుతాయి. ఈ సమయంలో సూక్ష్మదర్శిని వద్ద ఉన్నవారు తాము చూస్తున్నది ఏమిటో నిర్ధారించుకోవాలి. జలగ సర్కేరియాకు చీలిక లేని పొడవాటి తోక, రెండు చూషకాలు, గ్రంథులతో నిండిన ముదురు శరీరం ఉంటాయి. కంటి చుక్కలు ఉండవు. రెండు కంటి చుక్కలు ఉంటే ఆంఫిస్టోమ్. తోక కొస రెండుగా చీలి ఉంటే షిస్టోసోమా కుటుంబం కావచ్చు. పశువులలో గురక వ్యాధిని కలిగించే షిస్టోసోమా నేసేల్‌ను మద్రాసు రాష్ట్రంలో ఎం. అనంతనారాయణరావు 1930 దశకంలో వర్ణించి, నత్తతో దాని సంబంధాన్ని అనుసరించినప్పటి నుండి ఈ తోక చీలిక మన విద్యార్థులకు పరిచయమే. వరిమడిలో దిగినవారి కాళ్లకు పుట్టే దురద దద్దుర్లకు ఒక కారణం కూడా ఈ చీలిన తోక సర్కేరియాలే. తొట్టిలో చేయి పెట్టేవారు చేతితొడుగు వేసుకోవాలి.

జలగ సర్కేరియా కొద్ది నిమిషాలలోనే ఏదో ఒక ఉపరితలానికి అంటుకొని, తోక వదిలి, చుట్టూ గట్టి పొర కట్టుకొని మెటాసర్కేరియాగా మారుతుంది. అందుకే బీకరు లోపల పాలిథీన్ పట్టీలు వేలాడదీస్తారు. గసగస గింజకంటే చిన్నవైన ఆ గుండ్రటి చుక్కలను పట్టీతో సహా నీటిలో, 4 డిగ్రీల వద్ద నెలల తరబడి నిలువ ఉంచవచ్చు. ఎండనివ్వకూడదు. వాడే ముందు కొన్నింటిని పిత్తం కలిపిన ద్రావణంలో ఉంచి లోపలి పిల్ల జలగ కదిలి బయటకు వస్తున్నదో లేదో చూడాలి. ఈ పరీక్ష చేయకుండా మేకకు రెండు వందలు తాపించి, ఫలితం రాలేదని మందును మెచ్చుకున్న సందర్భాలు లేకపోలేదు.

మెటాసర్కేరియా మనిషికీ సోకుతుంది. నోటితో పిప్పెట్ పీల్చడం, పనిచేసే బల్ల వద్ద టీ తాగడం నిషిద్ధం. తొట్టి నీటిని మరిగించిగాని, తగినంత బ్లీచింగ్ కలిపిగాని బయటకు వదలాలి. ప్రయోగశాల జలగ కళాశాల వెనుక చెరువులోకి చేరితే దానిని తిరిగి తెచ్చే మార్గం లేదు.

చక్రం మూసిన తరువాత

మెటాసర్కేరియాలను గొర్రెకో మేకకో తాపించి, 13 నుండి 16 వారాల తరువాత పెంటికలలో గుడ్లు కనిపించినప్పుడు చక్రం పూర్తవుతుంది. ఈ దశకు జంతు ప్రయోగ నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. మొత్తం లెక్క వేస్తే గుడ్డు నుండి గుడ్డుకు ఐదారు నెలలు. ఏడాదికి రెండుసార్లు చక్రం తిప్పగలిగిన విభాగం బాగా నడుస్తున్నట్లే. స్నాతకోత్తర విద్యార్థి ప్రయోగకాలం ఏడాదికి అటూఇటూ మాత్రమే ఉంటుంది కనుక, చక్రం విద్యార్థి మీద కాక విభాగం మీద నిలబడాలి. ఒకరు పట్టా తీసుకొని వెళ్లిన మరుసటి నెలలో తొట్లు ఎండిపోవడం మన సంస్థలలో అరుదు కాదు. దానికొక శాశ్వత సహాయకుడిని ఇచ్చే ఖర్చు, మళ్లీ మొదటి నుండి ప్రారంభించే ఖర్చుకంటే తక్కువ.

చరిత్ర తెలిసిన జలగ వంశం ఎంత విలువైనదో ట్రైక్లాబెండజోల్ ఉదంతం చెబుతుంది. పిల్ల జలగలపై కూడా పనిచేసే ఈ మందుకు లొంగని జలగలు ఆస్ట్రేలియా గొర్రెలలో ఉన్నట్లు 1995లో బయటపడింది. తరువాత ఐరోపాలోనూ కనిపించాయి. మందుకు లొంగే జలగకు, లొంగని జలగకు తేడా ఎక్కడ ఉన్నదో తేల్చడానికి అక్కడి శాస్త్రవేత్తలు కల్లంప్టన్ అనే లొంగే వంశాన్ని, స్లైగో అనే లొంగని వంశాన్ని ప్రయోగశాలలలో తరతరాలుగా నిలిపి పోల్చారు. ఆ రెండూ హెపాటికా వంశాలు. మన జైగాంటికాకు, అందునా గోదావరి ఇరు ఒడ్ల గొర్రెలలోని జైగాంటికాకు, అటువంటి వంశం ఒకటి నిలపకుండా మందు పనిచేయలేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు తప్పు మోతాదుదా, నకిలీ మందుదా, జలగదా అని తేల్చలేము.

క్షేత్రానికి చేరవలసిన సంగతులు

తొట్టిలో నేర్చుకున్నది చెరువు ఒడ్డున పనికి వస్తుంది. గుడ్డుకు రెండు వారాలు, నత్తలో ఆరేడు వారాలు అన్న లెక్కను తొలకరితో కలిపితే జూన్ చివర నీటిలో పడిన పేడలోని గుడ్డు బతుకమ్మ నాటికి గడ్డిమీద మెటాసర్కేరియాగా సిద్ధంగా ఉంటుంది. ఆ తరువాత చెరువు తగ్గుతూ పోయేకొద్దీ ఆ గడ్డి బయటపడుతుంది, ఇతర చోట్ల మేత తగ్గుతుంది, మందలు శిఖంలోకి దిగుతాయి. కాబట్టి గొర్రెలలో పిల్ల జలగల మరణాలను ఆపదలచుకుంటే పెంటికలలో గుడ్లు కనబడేదాకా వేచి ఉండరాదు. శిఖంలో మేపు మొదలైన ఆరు నుండి ఎనిమిది వారాలకు, పిల్ల జలగలపై పనిచేసే మందును పశువైద్యుని సలహాతో వాడాలి. 2017లో ప్రభుత్వ గొర్రెల పంపిణీ తరువాత కొత్త ప్రాంతాల నుండి వచ్చిన మందలు చాలా గ్రామాల శిఖం భూములలో మేసినందున ఈ లెక్క మరింత అవసరమైనది.

వరిగడ్డి సంగతి వేరుగా చెప్పాలి. సర్కేరియాలు నీటిమట్టం దగ్గరే మొక్కకు అంటుకుంటాయి కనుక వరి కాండపు కింది భాగంలోనే మెటాసర్కేరియాలు ఎక్కువ. ఇండోనేషియాలో పశువులకు వరి కాండంలో పై మూడింట రెండు వంతులను మాత్రమే మేపమని సలహా ఇవ్వడానికి కారణం ఇదే. కరీంనగర్ ఆయకట్టులో ఇప్పుడు వరికోత యంత్రం ఎత్తున కోసి కింది కొయ్యకాళ్లను మడిలోనే వదలుతుంది. అంటే ప్రమాదం లేని గడ్డి వాము చేరుతుంది, ప్రమాదమున్నది మడిలో నిలుస్తుంది. ఆ మడిలోకే మందను తోలుతాము. మడి ఇంకా చెమ్మగా ఉన్నప్పుడు కొయ్యకాళ్లు మేపకపోవడం, కోసిన పచ్చిగడ్డిని బాగా ఎండబెట్టి నెల దాటిన తరువాత వేయడం ఖర్చులేని జాగ్రత్తలు. తడి ఉన్నంతకాలం మెటాసర్కేరియా నెలలు బ్రతుకుతుంది. ఎండలో ఎండితే త్వరగా చస్తుంది.

నత్తలను మందుతో చంపాలన్న సూచన ప్రతి శిక్షణ కార్యక్రమంలో వస్తుంది. మైలతుత్తం నత్తను చంపుతుంది, చేపను కూడా చంపుతుంది. మత్స్య సహకార సంఘాల చేపపిల్లలు వదిలిన చెరువులో అది ఆలోచించవలసిన మార్గం కాదు. బాతులు నత్తలను తింటాయి. అంతకంటే ఆసక్తికరమైనది బాతులలో ఉండే ఎకినోస్టోమా అనే మరొక జలగ. దాని రీడియాలు నత్త లోపల ఫాసియోలా రీడియాలను మింగివేస్తాయి. జావా ద్వీపంలో బాతుల మలాన్ని పశువుల పేడతో పాటు వరిమళ్లకు వదిలి ఈ పోటీని వాడుకున్నారు. మన ఆరిక్యులేరియా నత్తలో ఇది ఎంతవరకు సాగుతుందో చూడాలంటే రెండు చక్రాలు, పక్కపక్క తొట్లలో, ఒకే కాలంలో నడవాలి. కోరుట్ల పశువైద్య కళాశాల వంటి చోట ఒక స్నాతకోత్తర విద్యార్థి తలకెత్తుకోదగిన పని ఇది; నత్తలు వచ్చే తొలకరికి ముందే తొట్లు కడిగి, నీరు నిలబెట్టి ఉంచుకోవాలి.